ఎకోస్పోర్ట్‌లో క్రూయిజ్ బటన్లు వేయించాను, కోడింగ్ ఎలా?

మాది ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్, కింది వేరియంట్. పై వేరియంట్‌కి వచ్చే ఒరిజినల్ క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే ఒకే వేగంలో నడిపే ఫీచర్) బటన్ల సెట్ దొరికితే తెలిసిన మెకానిక్‌తో స్టీరింగ్‌కి వేయించాను. బటన్లలో లైటు వెలుగుతోంది, ఎయిర్‌బ్యాగ్ హెచ్చరికా రాలేదు. కానీ ఆన్ నొక్కితే మీటర్‌లో ఉలుకూ పలుకూ లేదు. వైరింగ్ సరిగ్గానే ఉంది, ఈ ఫీచర్ ఉందని బండి సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి, అది నా పని కాదు అంటున్నాడు మెకానిక్.

అందుకే ఫోర్‌స్కాన్‌తో (ఫోర్డ్ బండ్ల సెట్టింగులు చూసి మార్చే సాఫ్ట్‌వేర్) ఆ కోడింగ్ నేనే చేద్దామనుకుంటున్నా. బండిని ల్యాప్‌టాప్‌కి కలిపే ఈఎల్ఎం327 అడాప్టర్ కొన్నాను, హెచ్ఎస్, ఎంఎస్ క్యాన్ (బండిలో మాడ్యూళ్ల మధ్య డేటా వెళ్లే రెండు లైన్లు) మధ్య మార్చే స్విచ్ ఉన్నదే; సెట్టింగులు మార్చడానికి కావాల్సిన ఎక్స్‌టెండెడ్ లైసెన్స్ కూడా తీసుకున్నాను. ఇప్పుడు నా సందేహం: పీసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ మాడ్యూల్), బీసీఎం (బాడీలోని ఎలక్ట్రికల్స్‌ని నడిపేది), ఐపీసీ (మీటర్), వీటిలో దేన్ని మార్చాలి? బీసీఎం ఒక్కటి మారిస్తే చాలా, లేక మీటర్‌లో గుర్తు కనిపించాలంటే ఐపీసీ కూడా ముట్టుకోవాలా?

పాత విలువలన్నీ ముందే సేవ్ చేసి పెట్టుకుంటాను. రాసేటప్పుడు ఓల్టేజ్ పడిపోతే మాడ్యూల్ పోతుందేమోనన్నదే అసలు టెన్షన్. బ్యాటరీకి చార్జర్ తగిలించి చేస్తే సరిపోతుందా? ఇంజిన్ ఆన్‌లో ఉంచమని కొందరు, వద్దే వద్దని కొందరు అంటున్నారు.

ఇదే బండికి చేసినవాళ్లుంటే ఏ మాడ్యూల్‌లో ఏం మార్చారో చెప్పండి. హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి వైపైతే మరీ మంచిది, డబ్బు తీసుకుని చేసిపెట్టేవాళ్లున్నా సరే.