మిలన్ నుంచి కోమో, బెల్లాజియో, లుగానో ఒక్కరోజు గైడెడ్ టూరు: అమ్మానాన్నలకి తీసుకోవచ్చా?

తెనాలి_టు_మిలన్
అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్నలు మా దగ్గరికి మిలన్ వస్తున్నారు. దేశం దాటడం ఇదే మొదలు. నాన్న ఆర్టీసీలో రిటైరయ్యారు, ఇంగ్లీషు కాస్త నెట్టుకొస్తారు, అమ్మకి తెలుగొక్కటే. టికెట్లు తీసినప్పటి నుంచీ నాన్నది ఒకటే పాట, స్విట్జర్లాండ్‌లో ఒక్కసారి కాలు పెడితే చాలంటారు. పొద్దున్నే బస్సులో సరస్సు ఒడ్డున ఉన్న కోమో తీసుకెళ్ళి, లాంచీలో అదే సరస్సు మీది బెల్లాజియో చూపించి, బోర్డర్ దాటించి లుగానో తిప్పి, సాయంత్రానికి మళ్ళీ మిలన్‌లో దింపే టూర్లు ఉన్నాయి కదా, తలకి నూటపాతిక యూరోల దాకా చెప్తున్నారు. వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, డబ్బుకి తగ్గట్టు ఉంటుందా?

రైలుబండి
దండగ. మిలానో సెంత్రాలేలో రైలెక్కితే గంట దాటి కాసేపటికి వరెన్నాలో దిగుతారు, టికెట్ పది యూరోల లోపే. లెక్కో దాటాక ఎడంవైపు కిటికీ దగ్గర కూర్చుంటే సరస్సు పక్కనే వస్తూ ఉంటుంది. వరెన్నా నుంచి బెల్లాజియోకి ఫెర్రీలో పావుగంట. లుగానోకి ఇంకో రోజు వెళ్ళండి, సెంత్రాలే నుంచే యూరోసిటీ రైళ్ళున్నాయి, గంటంబావు ప్రయాణం. స్టేషన్ కొండ మీద ఉంటుంది, కిందికి ఊళ్ళోకి దిగడానికి చిన్న కేబుల్ రైలుంది, కాళ్ళ నొప్పులుండవు. టూర్ బస్సులో ఈ రెండూ ఒకే రోజులో కుక్కుతారు, సగం రోజు బస్సులోనే గడిచిపోతుంది, లుగానోలో గంటో గంటన్నరో వదిలి "ఐదింటికల్లా ఇక్కడికే రండి" అంటారు. దీనికి ఇద్దరికీ కలిపి రెండొందల యాభై.

బెర్గామో_బుజ్జి
దండగ అని ఒక్క మాటలో ఎలా తేల్చేస్తారండీ? అరవై దాటినవాళ్ళకి రైళ్ళు మారడం, ప్లాట్‌ఫారం ఆఖరి నిమిషంలో మారిందంటే పరుగెత్తడం, ఎండాకాలం వరెన్నా ఫెర్రీ దగ్గర లైన్లో నిలబడడం మీరు లెక్కలోకి తీసుకోలేదు. ఆ పైన ఇటలీలో రైళ్ళ సమ్మె ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. బస్సయితే ఎక్కించిన చోటే దింపుతారు. బాత్రూమ్ ఎక్కడుందో గైడ్‌కి తెలుసు. నవ్వకండి, పెద్దవాళ్ళతో తిరిగితే అదే అన్నిటికంటే పెద్ద టెన్షన్.

రైలుబండి
సమ్మె తేదీలు ముందే ప్రకటిస్తారు. మామూలు రోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 లోకల్ రైళ్ళు కొన్ని నడిపి తీరాలి. చూసుకుని వెళ్తే సరి. గైడ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఆ గైడ్ ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి చెప్తాడు. వాళ్ళ అమ్మగారికి తెలుగొక్కటే వచ్చు. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా కోమోలో పుట్టాడని గైడ్ ఇంగ్లీషులో చెప్తే ఆవిడకి ఒరిగేదేంటి? అదే మాట కొడుకు పక్కన కూర్చుని తెలుగులో చెప్తే వేరు.

జ్యూరిక్_రెడ్డి
లుగానో చూసి స్విట్జర్లాండ్ చూశాం అనకండి దయచేసి. అక్కడ మాట్లాడేది ఇటాలియన్, తినేది పిజ్జా. లూసెర్న్ రండి, దగ్గర్లోని టిట్లిస్ కొండ ఎక్కండి, మంచు చూడండి. నాన్నగారు అడుగుతున్నది కచ్చితంగా అదే.

రైలుబండి
లుగానో ఉన్న తిచీనో 1803 నుంచీ స్విట్జర్లాండ్‌లో కాంటన్, అంటే మన రాష్ట్రం లాంటిది. మంచుంటేనే స్విట్జర్లాండా? మీ జ్యూరిక్‌లో ఆగస్టులో మంచెక్కడుంది?

జ్యూరిక్_రెడ్డి
నేను చెప్పింది అనుభూతి గురించి. మన హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలందర్నీ టిట్లిస్ తిప్పినవాణ్ణి, ఏది చూస్తే వాళ్ళ ముఖాలు వెలుగుతాయో నాకు తెలుసు. లుగానో ఫొటో పెడితే ఇంటి దగ్గర ఎవరూ స్విట్జర్లాండ్ అని నమ్మరు.

నిజామాబాద్_నాని
మొత్తానికి టూర్ ఫొటో కోసమన్నమాట 😀

రైలుబండి
నమ్మకపోతే నమ్మకపోనివ్వండి. బోర్డర్ చూడడమే సరదా అయితే లుగానో పక్కనే ఇంకా మంచిది ఉంది, సరస్సుకి అవతలి ఒడ్డున కంపియోనే దితాలియా అని ఊరు. చుట్టూ స్విస్ నేల, ఊరు మాత్రం ఇటలీది. లుగానో సరస్సు కూడా మొత్తం స్విస్‌ది కాదు, కొంత ఇటలీలోకి వస్తుంది. బస్సు టూర్లో ఇవన్నీ చూపించే తీరికెక్కడిది?

శ్రీకాకుళం_స్వాతి
ఒక్క మాట, బోర్డర్ దాటకముందే మొబైల్ డేటా ఆపేయమనండి. యూరప్ రోమింగ్ ఫ్రీ అనుకుంటాం, స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, చాలా ప్లాన్లలో అక్కడ చార్జీ పడుతుంది. మా ఆయన లుగానో గట్టు మీద నుంచి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశారు. ఆ నెల బిల్లు చూశాక ఇంట్లో రెండ్రోజులు మాటల్లేవు. ఇంకోటి, యూరోలు తీసుకుంటారు గానీ చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు.

ఖమ్మం_కిరణ్
సింగిల్ ఎంట్రీ వీసా అయితే జాగ్రత్త, స్విట్జర్లాండ్ వెళ్తే ఇటలీలోకి తిరిగి రానివ్వరు.

రైలుబండి
తప్పు. స్విట్జర్లాండ్ 2008 డిసెంబర్ నుంచీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే దేశాల గుంపులో ఉంది. ఇటలీ ఇచ్చిన షెంగెన్ వీసాతో వెళ్ళి రావచ్చు, ఎంట్రీ ఖర్చు కాదు, పాస్‌పోర్టు మీద ముద్ర కూడా పడదు. వీసాకి తీసుకున్న ఇన్సూరెన్స్ అక్కడా చెల్లుతుంది. పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉండాలి, జిరాక్సు పనికిరాదు, బోర్డర్ ఊరు కియాసో దగ్గర రైల్లోనూ రోడ్డు మీదా చెక్ చేస్తుంటారు.

గోదారిగట్టు_మాస్టారు
నేను రాజమండ్రిలో లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. పోయినేడు మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు ఇలాంటి టూరుకే మా దంపతులిద్దరం వెళ్ళాం, పిల్లలు రాలేదు. గైడు చెప్పింది నాకు సగం అర్థమైంది, మా ఆవిడకి అస్సలు కాలేదు, అయినా ఆవిడకి ఏ లోటూ లేదు. కోమోలో చర్చి చూశాం, కొండ మీదికి ఎక్కే రైలు కింద నుంచే చూశాం, టైము లేదన్నారు. బెల్లాజియోలో సందులన్నీ రాతిమెట్లే, పై దాకా ఎక్కలేదు, కింద రేవు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. మాకది చాలు. లుగానోలో పెద్ద పార్కుంది, సరస్సు ఒడ్డునే చెట్లు, ఆ గంటా అక్కడే గడిపాం. రేట్లు చూసి కాఫీ మాత్రం తాగలేదు. మధ్యాహ్నానికి మా ఆవిడ పులిహోర కట్టింది. తిరుగు ప్రయాణంలో బోర్డర్ దగ్గర బస్సు చాలాసేపు ఆగిపోయింది, ఇటలీ నుంచి రోజూ తిచీనోకి పనికెళ్ళి వచ్చేవాళ్ళే డెబ్బై వేలకు పైగా ఉంటారట, వాళ్ళంతా ఇళ్ళకి మళ్ళే వేళకి మేమూ వచ్చాం.

రైలుబండి
చూశారా, మాస్టారే చెప్తున్నారు. కొండ ఎక్కలేదు, బెల్లాజియో పైకెళ్ళలేదు, లుగానోలో ఒక పార్కు చూశారు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. దీనికి నూటపాతిక!

గోదారిగట్టు_మాస్టారు
బాబూ, బాగుందనే రాశాను. నువ్వు వేరేలా చదివావు.

రైలుబండి
బాగుండక ఏం చేస్తుందండీ, మీరు ఇంకో రకంగా చూడలేదు కాబట్టి అలా అనిపించింది. తిరుపతి ప్యాకేజీ బస్సులో వెళ్ళొచ్చినవాళ్ళు కూడా దర్శనం బాగా అయ్యిందనే అంటారు. నేను మా అమ్మానాన్నల్ని రైల్లో తిప్పాను, బ్రునాతే కొండ ఎక్కించాను, అది 1894 నాటి కేబుల్ రైలు, పైనుంచి కోమో మొత్తం కనిపిస్తుంది. మా నాన్న ఇప్పటికీ దాని గురించే చెప్తారు. నేను పక్కనుండి చూపించాను కాబట్టి ఆ మాట. తల్లిదండ్రుల్ని బస్సెక్కించి టాటా చెప్పి ఆఫీసుకెళ్ళిపోతే వాళ్ళు చూసేది సరస్సు కాదు, గైడ్ ఎత్తిపట్టుకున్న గొడుగు.

బెర్గామో_బుజ్జి
అమ్మో, ఎంత మాటన్నారు. మాస్టారు మంచిగా రాస్తే ఆయన చూసింది చూపే కాదన్నట్టు మాట్లాడుతున్నారు. మరి మీరు వాళ్ళని తిప్పిన రోజు పొద్దున్న టిఫిన్లు, దారిలోకి పెరుగన్నం, మంచినీళ్ళ సీసాలు, బీపీ మాత్రలు, చలికి స్వెట్టర్లు ఎవరు సర్దారు?

రైలుబండి
దానికీ దీనికీ సంబంధం ఏంటి? టాపిక్ టూరు.

పొలిమి_కుర్రాడు
తెనాలి అన్నా, అడగడం మర్చిపోయారు అందరూ. నీ చేతిలో పెర్మెస్సో కార్డు (ఇటలీలో ఉండడానికిచ్చే పర్మిట్) ఉందా, లేక రిచెవూతా (దానికి అప్లై చేసిన రసీదు) మీద ఉన్నావా?

తెనాలి_టు_మిలన్
రిచెవూతా మీదే తమ్ముడూ. స్టూడెంట్ నుంచి వర్క్‌కి మార్చుకున్నాను, కార్డు ఇంకా రాలేదు, పాత వీసా ఎప్పుడో అయిపోయింది.

పొలిమి_కుర్రాడు
అయితే నువ్వు లుగానో వెళ్ళకూడదన్నా. ఆ రసీదుతో ఇటలీలో ఉండొచ్చు, ఇండియాకి డైరెక్ట్ ఫ్లైట్‌లో వెళ్ళి రావచ్చు, వేరే షెంగెన్ దేశంలోకి కుదరదు. రైలైనా బస్సైనా ఒకటే. మా రూమ్మేట్‌ని కియాసోలో దింపేసి వెనక్కి పంపారు.

నిజామాబాద్_నాని
ఇంతసేపూ కొడుకు పక్కన కూర్చుని వోల్టా గురించి చెప్పాలని కొట్టుకున్నారు కదా.

రైలుబండి
ఇది మొదట్లోనే చెప్పాల్సింది కదా తెనాలి గారూ. అయినా ఏం మునిగిపోలేదు. పెళ్ళయింది కదా మీకు, మీ ఆవిడ కార్డు సరిగ్గా ఉంటే ఆవిడే అత్తమామల్ని రైల్లో లుగానో తీసుకెళ్ళొచ్చు. ఒక్క రోజు పని.

బెర్గామో_బుజ్జి
ఆ, ఇప్పుడు బయటికొచ్చింది. ఇందాక సంబంధం ఏంటన్నారు కదా, ఇదే సంబంధం. గైడ్ వద్దు, మనమే తీసుకెళ్దాం అనేది మగవాళ్ళు, ఆ గైడ్ పని చేసేది ఇంట్లో ఆడవాళ్ళు. మా అత్తమామలు వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఇదే మాట, బస్సు టూర్లు దండగ, రైల్లో హాయిగా వెళ్దాం అన్నారు. హాయి ఎవరికి? తెల్లవారుజామున లేచి వంట చేసింది నేను, టికెట్లు స్కాన్ చేసింది నేను, ఫెర్రీ లైన్లో నిలబడింది నేను, మా అత్తగారి మోకాలు పట్టేస్తే మెడికల్ షాపు వెతికింది నేను. ఈయన ఫొటోలు తీశారు. ఇంటికొచ్చాక ఎంత చవగ్గా అయిపోయిందో అని అందరికీ ఫోన్లో చెప్పుకున్నారు. నా సెలవుకి రేటు కట్టని లెక్క కాబట్టి చవక. తెనాలి గారి ఆవిడకి ఉద్యోగం ఉందో లేదో, సెలవుందో లేదో కూడా అడక్కుండా ఒక్క రోజు పని అనేశారు మీరు.

రైలుబండి
మీ ఇంటి గొడవ నా మీద రుద్దకండి. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేను సెలవు పెట్టాను, బ్యాగులు నేనే మోశాను. వంట మా అమ్మే చేసింది, తనకి ఇష్టం. సొంతవాళ్ళ కోసం ఒక రోజు కేటాయించడం కూడా భారమైతే ఇంక వాళ్ళని పిలవడం దేనికి?

శ్రీకాకుళం_స్వాతి
సరదాగా తిరగడానికి వచ్చిన అమ్మ చేత కూడా వంటేనా. బాగుంది.

గోదారిగట్టు_మాస్టారు
నేనొకటి చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. పిల్లలతో వెళ్తే వాళ్ళు గడియారం చూసుకోవడం, మా కోసం కొనాలా వద్దా అని ఖర్చు గురించి పక్కకెళ్ళి గుసగుసలాడుకోవడం మాకు కనిపిస్తుంది. నోరు తెరిచి టాయిలెట్ అని అడగడానికి కోడలి ముందు మా ఆవిడ మొహమాటపడుతుంది. బస్సులో ఆ బాధ లేదు, డబ్బిచ్చాం, అడుగుతాం. మా అబ్బాయి పంపించేశాడని మేమేం అనుకోలేదు. మమ్మల్ని వదిలి నమ్మకంగా పంపాడనే అనుకున్నాం. అయితే అందరి అమ్మానాన్నలూ మాలా ఉండరు, కొందరికి పిల్లలు పక్కన లేకపోతే తోచదు.

జ్యూరిక్_రెడ్డి
అందుకే లూసెర్న్ అన్నాను. మా ఇంట్లో దిగొచ్చు.

తెనాలి_టు_మిలన్
అందరికీ థాంక్స్. మా ఆవిడకీ ఈ థ్రెడ్ చూపించాను. తనకి కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, వారం మధ్యలో సెలవు అడిగే వీల్లేదు. బుజ్జి గారు రాసింది చదివి నవ్వింది, నేను ఎందుకని అడగలేదు. నిన్న రాత్రి ఇంటికి ఫోన్ చేసి విడివిడిగా అడిగాను. నాన్న స్విట్జర్లాండ్ అన్నారు, మంచూ కొండా ఏం అక్కర్లేదు, ఆ దేశం అయితే చాలన్నారు, డిపో స్నేహితులకి ముందే చెప్పేసినట్టున్నారు. అమ్మ మాత్రం మెట్లెన్ని, బాత్రూములుంటాయా, నువ్వొస్తావా అని మూడూ వరసగా అడిగింది. కాబట్టి ఒక శనివారం మేం నలుగురం వరెన్నా రైల్లో బెల్లాజియో వెళ్తాం, బోర్డర్ లేదు కాబట్టి నాకూ ఇబ్బంది లేదు. వంట వద్దు, అక్కడే ఏదో తింటాం. లుగానో టూరు నాన్నకి బుక్ చేస్తున్నాను, అమ్మ వెళ్తుందో లేదో ఇక్కడికి వచ్చాక తనే చెప్తానంది.

రైలుబండి
ఒక్కరికే అయితే బస్సు ఇంకా దండగ. ఆర్టీసీలో పనిచేసిన మనిషి, లుగానో రైలు ఒక్కరే ఎక్కి దిగలేరా? సెంత్రాలేలో మీరు ఎక్కించండి, దారిలో మారేది కూడా లేదు.

బెర్గామో_బుజ్జి
మళ్ళీ మొదలుపెట్టారు.

పొలిమి_కుర్రాడు
అన్నా, అమ్మ పేరు కూడా కలిపి బుక్ చెయ్యి, ముందురోజు దాకా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే టికెట్లు కొన్ని ఉంటాయి, అది చూసి తీసుకో. ఇద్దరి ఒరిజినల్ పాస్‌పోర్టులూ పొద్దున గుర్తుచెయ్యి.

ఖమ్మం_కిరణ్
ఇంతకీ సింగిల్ ఎంట్రీకి ఏం కాదంటారా? మా వాళ్ళది కూడా అదే.