పటంలో గ్రానైటు ఒక్కటే, రెండు బోర్లలో ఫ్లోరైడ్ వేరు: భూకోశ్ సమాచారాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న (నల్గొండ జిల్లా మర్రిగూడ వాసి)
మా పొలంలో వంద అడుగుల ఎడంలో రెండు బోర్లున్నాయి. 120 అడుగుల పాత బోరు నీళ్లలో లీటరుకు 1.1 మిల్లీగ్రాములు, 400 అడుగుల కొత్త బోరులో 3.4 మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ తేలింది. భారత భూగర్భ సర్వే సంస్థ వారి భూకోశ్ పోర్టల్ నుంచి 1:50,000 పటం దించుకొని చూస్తే మా ఊరంతా ఒకే రంగులో గ్రానైటుగా కనిపిస్తోంది. మూడో బోరు ఎక్కడ వేయాలో ఈ పటంతో తేల్చుకోవచ్చునా?

జవాబు 1
తేల్చుకోలేరండి. ఆ పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు, కాబట్టి మీ రెండు బోర్లూ ఒకే చుక్కలో పడతాయి. పైగా అది రాతిని చూపే పటమే తప్ప నీటిని చూపేది కాదు. మన ప్రాంతపు గ్రానైటులోని బయోటైటు, అపటైటు, ఫ్లోరైటు వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. అది నీటిలోకి ఎంత దిగుతుందన్నది ఆ నీరు పగుళ్లలో ఎంతకాలం నిలిచింది, అందులో కాల్షియం ఎంత మిగిలింది అన్న రెండింటి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కాల్షియం దండిగా ఉన్నంతకాలం ఫ్లోరైడ్ ఒక హద్దు దాటదు. కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకుపోయి, సోడియం, బైకార్బొనేటు పెరిగిన నీటిలో మాత్రం ఫ్లోరైడ్‌కు అడ్డుండదు. మీ పాత బోరుకు మొరంలోని కొత్త వాన నీరు, లోతైన దానికి గట్టిరాతి పగుళ్లలోని పాత నీరు అందుతుండవచ్చు.

జవాబు 2
పై మిత్రులు చెప్పినదానికి కొంత చేర్చుతాను. భూకోశ్‌లోనే భూరసాయన పటాల సమాచారమూ ఉంది. దానికి వాగు వండ్రు నమూనాలు తీస్తారు. ఒక్కో విలువ 2 కిలోమీటర్లకు 2 కిలోమీటర్ల గడికి వర్తిస్తుంది. అందులోని ఫ్లోరిన్ అంకె వండ్రుది. దాన్ని నీటి ఫ్లోరైడ్‌తో కలిపి చదివే పొరపాటు నేనూ చేశాను, ఒక వారం పని వృథా అయింది. నీటి లెక్కలకు కేంద్ర భూగర్భ జల మండలి పట్టికలు చూడండి, అయితే బావి లోతు, నమూనా తీసిన నెల గమనించండి: చాలా నమూనాలు వానలకు ముందు తీసినవి, పైగా వాటిలో తవ్వుడు బావులవి ఎక్కువ. పాత టోపోషీటు (సర్వే వారి నేల పటం) మీద ఈ పటాల పొరలు పరిచేటప్పుడు దాని ఎవరెస్ట్ డేటమ్‌ను, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే పాత ఆధారాన్ని, మార్చకపోతే మీ బోరు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది.

మర్రిగూడ వాసి
మండలి పట్టికలో ఫ్లోరైడ్ వరుస ఒక్కటే చూశాను, కాల్షియం వరుస వదిలేశాను. ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మా నాయనమ్మ తరం వాళ్ల గార పళ్లు చూసి ఆ ఒక్క అంకె మీదే కన్ను పడుతుంది కదా.

జవాబు 1
రెండూ పక్కపక్కన పెట్టుకొని చూడండి. తాగేందుకు పాత బోరునే ఉంచుకోండి. భారత ప్రమాణం 1.0 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడే 1.5 వరకు అనుమతి. అందుకే వానలకు ముందొకసారి, తరువాతొకసారి దాన్ని మళ్లీ పరీక్ష చేయించండి. మూడో బోరు వేస్తే మొరం దాటి గట్టిరాయి తగిలిన లోతు, నీరు పడిన లోతు రిగ్గు వాళ్ల చేత రాయించుకోండి. మీ చెలక గురించి ఆ కాగితం చెప్పేది ఏ పోర్టల్‌లోనూ ఉండదు.