గ్లూటెన్ లేని బన్నుల్లో బలం ఎంత?

మాది రాయగడ. పాపకి సీలియాక్ (గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) అని తేలాక గోధుమ, మైదా, ఉప్మా రవ్వ అన్నీ బంద్. స్కూల్ డబ్బాకి గ్లూటెన్ లేని బన్నులు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాం. ప్యాకెట్ వెనక చూస్తే ముందు కర్రపెండలం స్టార్చ్, తర్వాతే బియ్యప్పిండి. ప్రొటీన్, పీచు అంతంతమాత్రం, ధర మాత్రం ఘనం! రోజూ పెడితే పిల్లకి బలం సరిపోతుందా?

ఇక్కడ చోళ్లు (రాగులు) బాగా దొరుకుతాయి. వాటిలో గ్లూటెన్ ఉండదు, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం కూడా. కానీ చోడిపిండిలో ఇసబ్గోల్ పొట్టు కలిపి చేస్తే బన్నులు ఇటుకల్లా వస్తున్నాయి. పాళ్లు ఎవరైనా చెప్తారా? గుడ్డు వేస్తే మెత్తబడతాయా? మరలో గోధుమలూ ఆడతారని మిక్సీలోనే పడుతున్నాం, పిండి బరకగా ఉంటోంది. దాని వల్లేనా?