రాసుకుంటే అర్థం కాదు, వింటూ కూర్చుంటే రాయలేను. అసైన్‌మెంట్ కూడా తిరిగొచ్చింది. ఏం చేయాలి?

కల్వకుర్తి పిల్ల

అందరికీ నమస్తే. నేను ఎంఏ ఎకనామిక్స్ మొదటి సంవత్సరం. ఇంటర్, డిగ్రీ రెండూ తెలుగు మీడియమే. సీపీగెట్ (పీజీ ఎంట్రన్స్) రాసి హైదరాబాద్‌లో సీటు తెచ్చుకున్నా, హాస్టల్లో ఉంటున్నా.

మొదటి నెలలో ఒకరోజు మైక్రో ఎకనామిక్స్ క్లాసు. మేడం ఇరవై నిమిషాలు 'ఇండిఫరెన్స్ కర్వ్' అంటూ చెప్పుకుంటూ పోయారు. ఎవరో ఎవరినో పట్టించుకోకపోవడం గురించి అనుకుని కూర్చున్నా. ఆఖరికి బోర్డు మీద బొమ్మ గీశారు. తీరా చూస్తే మన ఉదాసీనతా వక్రరేఖ! ఇంటర్ నుంచి గీస్తున్నదే. డిగ్రీలో దానికి పదికి తొమ్మిది వేశారు నాకు. అక్కడే ఏడుపొచ్చింది.

మా డిగ్రీ కాలేజీలో సార్ రన్నింగ్ నోట్స్ చెప్పేవారు, కామా ఎక్కడ పెట్టాలో కూడా చెప్పేవారు. ఇక్కడ డిక్టేషన్ లేదు. స్లైడ్ వేస్తారు, మాట్లాడతారు, మార్చేస్తారు. నా నోట్‌బుక్ తెరిస్తే అన్నీ సగం వాక్యాలే. ఒకచోట 'ది కన్స్యూమర్ విల్ బి ఆన్ ఎ హయ్యర్' అని ఉంది. హయ్యర్ తర్వాత ఏంటో దేవుడికే తెలియాలి.

ఇక అసైన్‌మెంట్. చిన్న కమతాల మీద పది పేజీలు. రెండు పుస్తకాలు, నాలుగైదు వెబ్‌సైట్లు ముందు పెట్టుకుని బాగున్న వాక్యాలు ఎత్తి వరసగా రాశా. తప్పు చేస్తున్నానని అనుకోలేదు, డిగ్రీలో అందరం అట్లనే రాశాం. సార్ రూముకు పిలిచి, ఒక వాక్యం చదివి, "ఇందులో నాట్‌విత్‌స్టాండింగ్ అంటే ఏంటమ్మా?" అన్నారు. తెలియదు. "నిలబడకుండా" అన్నా. ఆయన నవ్వలేదు. కాగితాలు తిరిగిచ్చి "పది రోజుల్లో నీ మాటల్లో రాసుకురా" అన్నారు.

నా మాటలంటే తెలుగు మాటలు. వాటితో ఇంగ్లీషు అసైన్‌మెంట్ ఎట్లా రాయాలి? నోట్స్ తెలుగులో రాసుకుంటే పరీక్షలో దెబ్బ తింటానా? ఈ దారిలో నడిచొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బ్యాక్‌బెంచ్ బాబు

ఇంత టెన్షన్ ఎందుకండీ. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి, స్లైడ్లు ఫోటో తీయండి, అయిపోయింది. అసైన్‌మెంట్ చాట్‌జీపీటీలో వేసి మాటలు మార్చి ఇమ్మంటే రెండు నిమిషాల్లో ఇస్తుంది. మా బ్యాచ్ మొత్తం అదే.

రఫ్ నోట్

చెల్లెమ్మా, నీ 'నిలబడకుండా' చదివి ముందు నవ్వాను, తర్వాత సిగ్గేసింది. నాది అంతకంటే పెద్ద కథ.

నేనూ డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను. మూడేళ్ల కిందట మొదటి అధ్యాయం డ్రాఫ్టు గైడ్‌కి ఇస్తే, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశారు. 43 శాతం పోలిక. నేను కాపీ కొట్టలేదని ఒట్టు పెట్టుకున్నాను. నిజంగానే అలా నమ్మాను కూడా. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే థీసిస్ సరిదిద్ది మళ్లీ ఇమ్మంటారు. 40 దాటితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 కూడా దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. నాది ఇంకా డ్రాఫ్టే కాబట్టి బతికిపోయాను.

ఆ రాత్రి ఎర్ర రంగు పడ్డ వాక్యాలు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కడి నుంచి వచ్చాయా అని వెతికాను. అన్నీ నా నోట్‌బుక్‌లోవే. ఏడాది ముందు లైబ్రరీలో కూర్చుని పుస్తకాల్లో నచ్చిన వాక్యాలు దించుకున్నాను. కొటేషన్ గుర్తుల్లేవు, పేజీ నంబర్ లేదు, కొన్నిటికి పుస్తకం పేరే లేదు. మధ్యమధ్యలో నాకు తోచినవి కూడా అదే నీలం పెన్నుతో రాశాను. ఏడాది తర్వాత తెరిస్తే రెండూ నా చేతిరాతే కదా, అన్నీ నావే అనుకున్నాను. దొంగతనం జరిగింది రాసేటప్పుడు కాదు, రాసుకునేటప్పుడు.

అప్పటి నుంచి జేబులో రెండు పెన్నులు. నీలంతో రాస్తే అది పుస్తకం మాట, అక్షరం మార్చకుండా, చివర పేజీ నంబర్‌తో. నలుపుతో రాస్తే అది నా మాట, తెలుగులోనే. ఎందుకు తెలుగులోనే అంటే, వచ్చీరాని ఇంగ్లీషులో 'సొంతంగా' రాయబోతే చెయ్యి తిన్నగా పుస్తకం వాక్యం దగ్గరికే జారుతుంది. తెలుగులో అయితే అర్థం కాకుండా ఒక్క లైను కూడా రాయలేం. పుస్తకం తెరవగానే పేజీ పైన రచయిత, పేరు, ముద్రణ సంవత్సరం, లైబ్రరీ కాల్ నంబర్ రాసేస్తాను. కాల్ నంబర్ చాదస్తమని మా రూమ్మేట్ ఎగతాళి చేసేవాడు. ఒక్క పేజీ నంబర్ కోసం సాయంత్రమంతా అరలు వెతుక్కున్నాక వాడూ రాసుకోవడం మొదలుపెట్టాడు.

క్లాసు సంగతి. లాంగ్ నోట్‌బుక్‌లో ఎడమ పక్క నాలుగు వేళ్ల వెడల్పున గీత కొట్టు. క్లాసులో కుడివైపే రాయి. పూర్తి వాక్యాల జోలికి పోవద్దు, నీ 'హయ్యర్' అక్కడే ఆగిపోయింది. ముక్కలు, బాణాలు, బొమ్మలు చాలు. తెలియని పదం వినపడితే చెవికి ఎలా వినిపించిందో అలాగే తెలుగు లిపిలో రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టు. అదే రోజు, మెస్‌కి వెళ్లే ముందు ఇరవై నిమిషాలు కూర్చుని ఆ పదాల అర్థాలతో ఎడమ గడి నింపు. రేపటికి వాయిదా వేశావంటే నీ బాణాలు నీకే అర్థం కావు. ఎడమ గడి పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆయన 1950లలో నేర్పింది. ఆయన పేజీ అడుగున కూడా రెండంగుళాలు వదిలి సారాంశం రాయమన్నాడు. ఆ అడుగు గడి నేను పట్టుమని పదిసార్లు నింపి ఉండను. ఎడమ గడి మాత్రం నన్ను కాపాడింది, ఎందుకంటే మన తెలుగు అకాడమీ పుస్తకాల మాటలు అందులో ఎక్కించాను. 'ఎలాస్టిసిటీ' ఎదురుగా వ్యాకోచత్వం, 'మార్జినల్' ఎదురుగా ఉపాంత, 'కన్స్యూమర్ సర్‌ప్లస్' ఎదురుగా వినియోగదారుని మిగులు. నీకు ఎకనామిక్స్ రాక కాదు చెల్లెమ్మా, దాని ఇంగ్లీషు పేర్లు తెలియవు, అంతే.

బాబు గారూ, రికార్డింగ్ మీద నాకు కోపం లేదు. గంట క్లాసు మళ్లీ వినాలంటే ఇంకో గంట కావాలి, అదే తంటా. నా ఫోన్‌లో అరవై దాకా ఉన్నాయి, ఒక్కటీ వినలేదు. 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసి చూస్తే, ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నవాళ్లు విన్నది విన్నట్టు దించేశారట. ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నల్లో చేత్తో రాసుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. 2019లో ఇంకొందరు మళ్లీ చేస్తే అంత తేడా కనపడలేదు. కాబట్టి పెన్ను గొప్ప అని నేను వాదించను. ఫోటో తీసినా, రికార్డు చేసినా, రాసినా, ఆ రాత్రి ఒకసారి తెరిచి చూశామా లేదా అన్నదే నా లెక్క.

ఇప్పుడు నీ కమతాలు. ఏ పుస్తకం తెరిచినా ఈ అంకెలు ఉంటాయి: దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16 వ్యవసాయ గణన నాటికి 1.08 హెక్టార్లు. నువ్వు కూడా రాసే ఉంటావు. హెక్టారు అంటే నీకు కంటికి ఏమైనా ఆనుతుందా? నాకు ఆనదు. 2.47తో గుణించి ఎకరాలు చెయ్యి, మిగిలిన దశాంశాన్ని 40తో గుణించి గుంటలు చెయ్యి. మొదటిది 5 ఎకరాల 25 గుంటలు, రెండోది 2 ఎకరాల 27 గుంటలు. ఇప్పుడు మీ తాతకెంత ఉండేదో, మీ నాయినకెంత వచ్చిందో లెక్క వేయి. ఆ తర్వాత పుస్తకాలన్నీ మూసేసి, మీ చెల్లికో తమ్ముడికో చెప్తున్నట్టు తెలుగులో ఐదు వాక్యాలు రాయి. వాటిని పొట్టి పొట్టి ఇంగ్లీషు వాక్యాలు చెయ్యి. నాట్‌విత్‌స్టాండింగ్ అక్కర్లేదు, 'బట్' చాలు.

కల్వకుర్తి పిల్ల

అన్నా, లెక్క వేశా. తాతకు 13 ఎకరాలు, నలుగురు కొడుకులు. మా నాయిన వాటా 3 ఎకరాల 10 గుంటలు. ఇన్నాళ్లూ ఇది ఎకనామిక్స్ అని తోచనే లేదు.

ఇంకో రెండు అడుగుతా. ఇంటి సంగతి అసైన్‌మెంట్‌లో రాయొచ్చా? సొంత మాటల్లో రాసేశాక ఇక పుస్తకం పేరు వేయకపోయినా పర్లేదా? నేను తెలుగు పుస్తకం ఒకటి కూడా చూశా, ఆ రచయిత పేరు ఇంగ్లీషులో ఎట్లా వేయాలో తెలియట్లేదు.

చాక్‌పీస్ మేడం

తల్లీ, ఇరవై రెండేళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను. నీ రెండో ప్రశ్నలో ఉన్న పొరపాటు పీజీ పిల్లల్లో సగం మందికి ఉంటుంది. మాటలు నీవైనా విషయం వాళ్లది. పేరు వేయాల్సిందే. 2.28, 1.08 రెండూ వ్యవసాయ గణన అంకెలు. నువ్వు గుంటల్లోకి మార్చినా అవి వాళ్లవే. గుణించింది మాత్రమే నువ్వు. "హెక్టార్ల నుంచి మార్చినది నేను" అని ఒక ముక్క రాస్తే ఇంకా మంచిది, దిద్దేవాళ్లకు ముచ్చటేస్తుంది.

ఇంటి సంగతి శుభ్రంగా రాయి. ఉదాహరణగా రాయి, రుజువుగా కాదు. మీ ఇంట్లో పంపకాల వల్ల తగ్గింది కాబట్టి దేశమంతా పంపకాల వల్లే తగ్గిందని తేల్చావంటే నేనైతే అక్కడే ఎర్ర పెన్ను తీస్తాను. ఇతర జిల్లాల్లో ఎలా ఉందో చూడాలంటే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతుకు. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు వేలల్లో ఉంటాయి, ఉచితం.

పేర్ల గొడవ మనకు ఎప్పుడూ ఉన్నదే. గిడుగు రామమూర్తి గారినే తీసుకో. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. దాన్ని ఇంగ్లీషు జాబితాల్లో 'రామమూర్తి, జి.వి.' అని వేస్తారు. తెలుగు పుస్తకాల జాబితాలో మనం 'గిడుగు' అని మొదలుపెడతాం. ఒకే మనిషి, ఒక అరలో ర దగ్గర, ఇంకో అరలో గ దగ్గర. మీ డిపార్ట్‌మెంట్ ఏది వాడమంటుందో అడుగు. ఏమీ చెప్పకపోతే పుస్తకం అట్ట మీద పేరు ఎలా ఉందో చూసి, ఇంటిపేరు ముందు పెట్టే పద్ధతినే చివరిదాకా వాడు. సగం ఒకరకం, సగం ఇంకోరకం ఉంటేనే చిరాకు.

రఫ్ నోట్ బాబూ, చాలా బాగా చెప్పావు, ఒక్క దగ్గర నీతో ఏకీభవించను. తెలుగు నోట్స్ మొదటి మూడు నెలలకు సరే. సెమ్ చివరి నెలలో వాటిని చూసుకుంటూ జవాబులు ఇంగ్లీషులో రాసి అలవాటు చేసుకోవాలి. లేకపోతే పరీక్ష హాల్లో మనసులో అనువాదం చేసుకుంటూ కూర్చుంటారు, ఐదో ప్రశ్నకు టైం మిగలదు. తెలివైన పిల్లలు అలా నాలుగు ప్రశ్నలతో లేచి వెళ్లడం చూశాను.

బ్యాక్‌బెంచ్ బాబూ, పోయిన సెమ్‌లో చాట్‌జీపీటీతో రాయించిన ఒక అసైన్‌మెంట్ చివర ఉన్న పుస్తకం పేరు చూసి, ఇంత మంచి పుస్తకం నాకెలా తెలియలేదా అని గంటసేపు వెతికాను. అసలు అలాంటి పుస్తకమే లేదు. ఆ అబ్బాయిని పిలిచి అడిగితే వాడూ ఆశ్చర్యపోయాడు.

బ్యాక్‌బెంచ్ బాబు

మేడం, ఆ అబ్బాయి నేను కాదు కదా 😅

కల్వకుర్తి పిల్ల

పదకొండు రోజులయింది, జరిగింది చెప్తా.

పది పేజీలు కాస్తా ఆరు అయ్యాయి. మొదటి పేరా తెలుగులో ఇట్లా రాసుకున్నా: "మా తాతకు 13 ఎకరాలు ఉండేది. నలుగురు కొడుకులకు పంచితే మా నాయినకు 3 ఎకరాల 10 గుంటలు వచ్చింది. దేశంలో సగటు కమతం ఇంకా చిన్నది, 2 ఎకరాల 27 గుంటలే. అంటే లెక్కల ప్రకారం మేము సగటు కంటే పైన ఉన్నాం. కానీ వానాకాలం పత్తి పోతే అప్పు తప్పదు." దీన్ని ఇంగ్లీషు చేయడానికి ఒక సాయంత్రం పట్టింది. 'బట్' మూడుసార్లు వచ్చింది.

సార్ తీసుకున్నారు. చదివి ఒక్కచోటే గుండ్రంగా గీశారు, 3 ఎకరాల 10 గుంటల చుట్టూ. పక్కన "సోర్స్?" అని రాశారు.

నాయినకు ఫోన్ చేసి పట్టాదారు పాస్‌బుక్ ఫోటో వాట్సాప్‌లో పంపమన్నా. "లోన్ ఏమన్న తీస్తున్నవా బిడ్డా?" అన్నాడు. కాదు, కాలేజీకి అన్నా. కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం తమ్ముడితో ఫోటో తీయించి పంపాడు. చూస్తే అందులో 3 ఎకరాల 8 గుంటలే ఉంది. మళ్లీ ఫోన్ చేసి అడిగితే, రెండు గుంటలు బాటకు పోయాయట, పెదనాయిన వాళ్ల చేనుకు పోయే బాట. నేను చిన్నప్పటి నుంచి నడిచే బాటే.

అంకె సరిదిద్ది, బాట సంగతి ఫుట్‌నోట్‌లో వేశా. నీలం పెన్నుతో.