రాత్రంతా దీపాలు వెలిగితే బ్రాయిలర్ కోళ్లు త్వరగా పెరుగుతాయా?

ప్రశ్న:
నమస్కారం. వెలుగున్నంతసేపూ కోళ్లు దాణా తింటాయి కదా అన్న నమ్మకంతో గత రెండు బ్యాచ్‌లలో మొదటి రోజు నుంచి అమ్మకం దాకా షెడ్డులో దీపాలు ఆర్పలేదు. మూడు వారాల వరకు బరువులు చక్కగా వచ్చాయి. ఆ తరువాత కొన్ని కోళ్లు కాళ్లు చాపేసి, నీటి నిపుల్ దాకా కూడా నడవలేకపోయాయి. బాగా కండపట్టిన పుంజులు కొన్ని తెల్లవారేసరికి వెల్లకిలా పడి చనిపోయి ఉన్నాయి. వెలుతురుకూ దీనికీ సంబంధం ఉంటుందా? చీకటి ఇస్తే బరువు తగ్గుతుందేమోనన్న భయమే నన్ను ఆపుతోంది.

సమాధానం 1 (పశువైద్యుడు):
సంబంధం ఉంటుందండి. నేటి బ్రాయిలర్ రకాలలో కండ పెరిగే వేగాన్ని ఎముకలూ గుండే అందుకోలేవు. తొలి వారాలలో కొంత చీకటి ఇస్తే మేత కాస్త తగ్గి ఆ వేగానికి కళ్లెం పడుతుంది, ఎముక గట్టిపడేందుకు వ్యవధి దొరుకుతుంది. అప్పుడు తగ్గిన బరువును కోడి తరువాతి వారాలలో చాలావరకు పూడ్చుకుంటుంది. పైగా మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను చీకటిలోనే ఎక్కువగా స్రవిస్తుంది. నిద్రకే కాక రోగనిరోధక శక్తికి కూడా అది అవసరం. వెల్లకిలా పడి చనిపోవడం సడన్ డెత్ సిండ్రోమ్‌ను (వేగంగా పెరిగే కోళ్లు హఠాత్తుగా చనిపోయే స్థితిని) తలపిస్తోంది. అయినా పోస్టుమార్టం చేయించండి, ఎందుకంటే కాళ్లు పడిపోవడానికి బాక్టీరియా, భాస్వరం లోపం కూడా కారణం కావచ్చు.

మొదటి వారం 23 గంటల వెలుగు ఉండాలి, పిల్లలు దాణానూ నీటినీ గుర్తుపట్టాలి కనుక. మిగిలిన ఆ ఒక్క గంట చీకటి అలవాటైతే, కరెంటు పోయినప్పుడు అవి బెదిరి ఒకదానిపై ఒకటి పడవు. వారం దాటాక చీకటిని 4 నుంచి 6 గంటలకు పెంచండి. ఐరోపా సమాఖ్య 2007లో ఇచ్చిన ఆదేశమైతే ఆ వయసు నుంచి రోజుకు కనీసం 6 గంటల చీకటి, అందులో 4 గంటలు ఏకధాటిగా ఉండాలని చెబుతోంది.

సమాధానం 2 (కోళ్ల రైతు):
ఆ భయం నాకూ ఉండేది. వారం తిరిగేసరికి కోళ్లే నేర్చుకున్నాయి: దీపాలు ఆరే వేళ దగ్గరపడితే తొట్ల చుట్టూ చేరి కడుపు నింపుకుంటాయి. చీకటి పడ్డాక ఒకదాన్ని పట్టుకుని మెడ కింద తడిమి చూస్తే దాణా సంచి నిండుగా, మెత్తగా తగులుతుంది. అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. అయితే ఆర్పే వేళ ఏ రోజూ మారకూడదు. దీపాలు వెలిగీ వెలగగానే అన్నీ ఒక్కసారిగా పరుగెత్తి ఒకదాని వీపు ఒకటి గీరుకుంటాయి కనుక తొట్లు ముందే నింపి ఉంచండి. ఎండలు తీవ్రంగా ఉన్న రోజులలో చల్లని వేళల్లో వెలుగు ఇస్తేనే అవి తింటాయి.

సమాధానం 3:
గంటలతో పాటు వెలుగు తీవ్రత కూడా చూడండి. దాన్ని లక్స్‌లలో చూపే లక్స్ మీటరును కోడి కంటి ఎత్తులో పెట్టి కొలవాలి. మొదటి వారం 30 నుంచి 40 లక్స్ ఉంటే మంచిది. తరువాత తగ్గించవచ్చు గానీ, 5 లక్స్ కన్నా దిగువకు పోతే కోళ్లు కదలడం మానేస్తాయి, కళ్లు కూడా దెబ్బతింటాయి. బల్బుల మీద లిట్టర్ (నేలపై పరిచే ఊక వంటి పొర) దుమ్ము పేరుకుంటే వెలుగు తెలియకుండానే తగ్గిపోతుంది. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య తుడిపించి, మళ్లీ కొలవండి.