మైక్రోవేవ్ ఓవెన్‌లో నిప్పురవ్వలు: అభ్రకం రేకు మారిస్తే సరిపోతుందా?

ఏడేళ్లుగా వాడుతున్న మా 20 లీటర్ల మైక్రోవేవ్ ఓవెన్‌లో మొన్న అమ్మ సాంబారు వేడి చేస్తుండగా కుడివైపు గోడ వద్ద నిప్పురవ్వలు లేచాయి. గిన్నె సాదా గాజుదే, అంచున లోహపు గీత కూడా లేదు. వెంటనే ఆపి, ప్లగ్ తీసి చూస్తే, తరంగాలు లోపలికి వచ్చే ద్వారాన్ని కప్పి ఉంచే అభ్రకం రేకు మీద నూనె తుంపరలు పేరుకుని ఒక మూల నల్లగా మాడిపోయి ఉంది. దాని పక్కన గోడ పూత కూడా కొంచెం లేచిపోయింది. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక బయటి పెట్టెను నేను విప్పను. రేకును మాత్రం లోపలి నుంచే మార్చుకోవచ్చని దుకాణదారు అంటున్నారు. పూత లేచిన చోటును అలాగే వదిలేసి రేకు ఒక్కటే మారిస్తే మళ్లీ రవ్వలు రావా, లేక ఓవెన్‌నే మార్చాలా? పగలంతా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది కాబట్టి, మరమ్మతులో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.