టౌన్‌లో పోస్టాఫీసు షాపులోకి మారింది, పవర్ ఆఫ్ అటార్నీ ఇండియాకి పంపడం ఎలా?

మిడ్‌లాండ్స్, కొత్తగా వచ్చాను:
అందరికీ నమస్తే అండీ. ఇల్లమ్మే పని మీద నాన్నగారి పేర రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఒరిజినల్ గుంటూరు పంపాలి. ఇక్కడ ఇంగ్లండ్‌లో మా టౌన్ పోస్టాఫీసు ఒక షాపు మేడ మీద ఉంది. ఉన్నవి రెండు కౌంటర్లే, క్యూ మెట్ల దాకా. శనివారం వెళ్తే నా వంతు రాకముందే షట్టర్ దించేశారు. వేరే దారి ఉందా?

రెడింగ్:
ఇది ఇవాళ్టి రోగం కాదమ్మా. 2007లోనే 70 క్రౌన్ ఆఫీసులు, అంటే పోస్టాఫీసు కంపెనీ సొంతంగా నడిపేవి, డబ్ల్యూహెచ్‌స్మిత్ అనే పుస్తకాల షాపుల్లోకి వెళ్తాయని ప్రకటించారు. 2018లో మరో 74. ఇప్పుడు ఆ షాపులే చేతులు మారి టీజీజోన్స్ బోర్డు తగిలించుకున్నాయి. మేం వచ్చిన కొత్తలో పోస్టాఫీసంటే సొంత బిల్డింగు, పది కౌంటర్లు!

లెస్టర్:
కౌంటర్లో ఉన్నవాళ్లకి తెలియకపోవడం అసలు సమస్య. అత్తయ్య విజయవాడ నుంచి గోంగూర పచ్చడి, సున్నుండలు పంపారు. మేం ఇంట్లో లేనప్పుడు పోస్టుమ్యాన్ వచ్చి, పార్సిల్ మీరే వచ్చి తీసుకోండని ఎర్ర కార్డు వేసి పోయాడు. దగ్గర్లో పోస్టాఫీసుకెళ్తే, లోపల పెట్టాం, సోమవారం రమ్మన్నాడు. సోమవారం ఇంకొకావిడ, అసలిది మా దగ్గరికి రాదు, డెలివరీ ఆఫీసుకెళ్లండి అంది. అక్కడ పొద్దున కాసేపే తెరుస్తారు. ఐడీ కార్డు మీద అడ్రస్ పాతదని వెనక్కి పంపారు. చివరికి డబ్బా చేతికొచ్చేసరికి నూనె కారి అట్టపెట్టె అడుగంతా ఎర్రగా, మెత్తగా అయిపోయింది. మా వీధిలో పిల్లి కూడా వెంటపడింది.

క్రాయిడన్:
అక్కా, కౌంటర్లు నడిపే పోస్టాఫీసు వేరు, ఇంటికి తెచ్చిచ్చే రాయల్ మెయిల్ వేరు. 2012లోనే విడిపోయాయి. ఎర్ర కార్డు రాయల్ మెయిల్‌ది, 18 రోజులు ఉంచుతారు. ఇంకోటి, నెయ్యి సున్నుండలు ఇండియా నుంచి రాకూడదు, పాల పదార్థాలు నిషేధం.

లెస్టర్:
పదేళ్లుగా వస్తున్నాయి నాన్నా, నువ్వు గుర్తు చేయకు.

స్లౌ:
ఆ అమ్మాయి అడిగిందేంటి, మీరు చెప్పేదేంటి. చూడమ్మా, ఉత్త కాగితాలైతే కస్టమ్స్ ఫారం అక్కర్లేదు. ట్రాకింగ్ ఉండే సర్వీసులో పంపు. రాయల్ మెయిల్ సైట్లో డబ్బు కట్టి లేబుల్ ఇంట్లోనే ప్రింట్ తీసుకుంటే కౌంటర్లో తూకం గొడవ ఉండదు. రసీదు మాత్రం అడిగి తీసుకో. కవరు మీద నాన్నగారి ఫోన్ నంబరు, పిన్‌కోడ్ పెద్దక్షరాల్లో రాయి. సంతకం చేసిన మూడు నెలల్లో అక్కడ స్టాంపు డ్యూటీ కట్టకపోతే చిక్కొస్తుంది, అది మర్చిపోకు.

క్రాయిడన్:
సంతకం చేసినప్పటి నుంచి కాదు బాబాయ్, కాగితం ఇండియా చేరినప్పటి నుంచి మూడు నెలలు. ఊరికే టెన్షన్ పెట్టకండి.

రెడింగ్:
ఏదైనా సరే, పెద్ద షాపు కౌంటర్లో మాత్రం ఇవ్వొద్దు. లాటరీ టికెట్లు అమ్మేవాడికి రిజిస్టర్డ్ పోస్టు గురించి ఏం తెలుస్తుంది?

స్లౌ:
కొట్లవాళ్లని తక్కువ చేయకండి. నలభై ఏళ్లుగా మన దేశంవాళ్లు, గుజరాతీలు, పంజాబీలు ఎందరో కొట్టు వెనక పోస్టు కౌంటర్ నడిపారు. పోస్టాఫీసు వాళ్ల లెక్కల సాఫ్ట్‌వేర్ హొరైజన్ తప్పుడు లెక్కలు చూపితే, అలా కౌంటర్లు నడిపినవాళ్లలో 900 మందికి పైగా దొంగలని ముద్రపడి శిక్షలు పడ్డాయి. అది కొట్లవాళ్ల తప్పా, పైనున్న ఆఫీసు తప్పా?

రెడింగ్:
నేను మేడ మీది షాపుల సంగతి మాట్లాడుతున్నానండీ.

మిడ్‌లాండ్స్, కొత్తగా వచ్చాను:
మా వీధి చివర కిరాణా కొట్లో కూడా పోస్టు కౌంటర్ ఉందట, ఇవాళే చూశాను. క్యూలో ముగ్గురే. కొట్టాయనే తూచి, బార్‌కోడ్ అతికించి, రసీదిచ్చి, పాలు కావాలా అని అడిగారు. స్లౌ బాబాయ్ గారూ, స్టాంపు డ్యూటీ నాన్నగారు ఏ ఆఫీసులో కట్టాలండీ?